మాటలు కొందామని... గుజరాతీ గల్లీకి!

గోడంత టీవీ కొనుక్కున్నాం. బొమ్మ అదిరింది. మాట మాత్రం వినిపించడం లేదు! చాలా ఇళ్లలో ఇప్పుడిదే గోల. దానికి మందు వెతుక్కుంటూ హైదరాబాద్ కోఠీలోని ఓ ఇరుకు సందులోకి నాన్నతో కలిసి వెళ్లాను. స్పీకర్లతోపాటు మరో సంగతి కూడా తెలుసుకుని తిరిగొచ్చాం.

ఆ సందులోకి అడుగుపెట్టగానే కంటికంటే ముందు చెవికే పని పడుతుంది. ఒక దుకాణంలోంచి భక్తిపాట. ఎదురు దుకాణంలోంచి తీన్‌మార్ డప్పు. ఆ పక్కనే ఎవరో కుర్రాడు మైకు పట్టుకుని ‘హలో... చెక్... చెక్’ అంటుంటాడు. ఈ మూడింటినీ చీల్చుకుంటూ ‘జర హటో భాయ్’ అని అరుస్తూ, నెత్తిన బీరువాలో సగమంత స్పీకర్ డబ్బాతో ఓ హమాలీ దూసుకొస్తాడు. పక్కకు తప్పుకోకపోతే అంతే సంగతులు!

అదే గుజరాతీ గల్లీ. బ్యాంక్ స్ట్రీట్‌ని ఆనుకుని ఉన్న ఈ సందు పేరు వినని ఎలక్ట్రీషియన్ గానీ, రేడియో మెకానిక్ గానీ, పెళ్లిళ్లకు మైక్‌సెట్లు అద్దెకిచ్చేవాళ్లు గానీ రెండు తెలుగు రాష్ట్రాల్లో అరుదు. ఊళ్లో గుడికి కోన్ మైకు కావాలన్నా, కారుకు స్టీరియో కావాలన్నా, ముప్ఫై ఏళ్లనాటి టేప్‌రికార్డర్‌కు బెల్టు కావాలన్నా ‘కోఠీకి పో, గుజరాతీ గల్లీల దొరుకుతది’ అంటారు.

సందు మొదట్లోనే నాన్న ఆగిపోయాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని అటూ ఇటూ చూస్తూ... ‘అంతా మారిపోయింది బిడ్డా’ అన్నాడు. రెండు క్షణాలాగి, ‘ఏం మారలే’ అని కూడా తనే అన్నాడు.

‘ఏమన్నడు?’

అసలు కథ రెండేళ్ల కిందట మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లో పాత టీవీ పోయి 55 అంగుళాల కొత్త టీవీ వచ్చింది. క్యాలెండర్‌లా గోడకు అతుక్కుపోయేంత పల్చగా ఉంది. వచ్చిన చిక్కల్లా ఆ పల్చదనంతోనే. స్పీకర్‌కు గాలిని కదిలించడానికి కాస్త చోటు కావాలి. వేలెడు మందం లేని టీవీలో ఆ చోటెక్కడిది? అందుకే చాలా టీవీల్లో చిన్న స్పీకర్లను కిందివైపుకో, వెనకవైపుకో తిప్పి పెడతారు. మాట మనవైపు నేరుగా రాకుండా ఏ గోడకో, బల్లకో తగిలి వస్తుందన్నమాట.

దాంతో మా ఇంట్లో రోజూ రిమోట్ యుద్ధమే. హీరో మాట్లాడేటప్పుడు నాన్న సౌండు పెంచుతాడు. మరుక్షణం ఫైటు మొదలై కిటికీ అద్దాలు అదురుతాయి. వంటింట్లోంచి అమ్మ కేకేస్తుంది. లోపల చదువుకుంటున్న పిల్లాడు తలుపు వేసేసుకుంటాడు. నేను తగ్గిస్తాను. నాన్న మళ్లీ పెంచుతాడు.

కామెడీ సీన్ వచ్చినప్పుడు అందరం నవ్వుతుంటే ‘ఏమన్నడు?’ అని అడిగేవాడు. చెప్పేలోపు ఇంకో జోకు అయిపోయేది. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. ఇంకొన్నాళ్లకు మాతో కూర్చోవడమే మానేశాడు. రాత్రి ఎనిమిదింటికే ‘మీరు చూడున్రి, నాకు నిద్రొస్తున్నది’ అంటూ లేచిపోయేవాడు. వెళ్లి చూస్తే బాల్కనీలో పొద్దున చదివిన పేపరే మళ్లీ చదువుతూ కనిపించేవాడు.

అమెరికాలో ఉన్న తమ్ముడు ‘ఈసారి వచ్చేటప్పుడు హోమ్ థియేటర్ తెస్తాలే’ అన్నాడు. ‘వాడు తెచ్చేదేంది? గుజరాతీ గల్లీ ఉండంగ!’ అన్నాడు నాన్న. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో హుషారు. ఇంకేం, ఆ శనివారమే బయల్దేరాం.

కుండలోంచి పాట

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠీ నడక దూరమే. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఇక్కడే ఉంది. ‘కోఠీ’ అంటే పెద్ద బంగళా. ఆ భవనం వల్లే ఈ ప్రాంతానికా పేరు. దశాబ్దాలపాటు మహిళా కళాశాలగా ఉన్న ఆ ప్రాంగణం 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో నడుస్తోంది. చుట్టూ సుల్తాన్ బజార్ చీరలు, ట్రూప్ బజార్ స్విచ్చులూ కుళాయిలూ, పాత పుస్తకాలు. వీటన్నిటి నడుమ శబ్దాలమ్మే సందు ఒకటి.

నాన్న సూర్యాపేట దగ్గరి ఊళ్లో సైన్స్ మాస్టారుగా చేసేవాడు. ఎనభైల్లో జీతం రాగానే బస్సెక్కి గౌలిగూడ బస్టాండులో దిగి, ఇక్కడిదాకా నడిచొచ్చేవాడట. పెద్ద రేకుల డోమ్‌లా ఉండే ఆ బస్టాండు 2018 జులైలో కూలిపోయింది. ఈ సందు మాత్రం నిలిచే ఉంది. ఇక్కడ కొన్న ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు, కెపాసిటర్లతో ఇంట్లోనే యాంప్లిఫయర్ తయారు చేశాడు. స్పీకర్ పెట్టెకు డబ్బుల్లేక కుమ్మరి దగ్గర పెద్ద కుండ తెచ్చి, దాని మూతి మీద స్పీకర్ బిగించాడు. మా వీధిలో చాలామంది ఆ కుండలోంచి వచ్చే పాటలు వినడానికే మా అరుగు మీద కూర్చునేవాళ్లు.

నవ్వుతారేమో గానీ అందులో శాస్త్రం ఉంది. స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది. అదే సమయంలో వెనకున్న గాలి పల్చబడుతుంది. పెట్టె లేకపోతే ఈ రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ముఖ్యంగా బేస్ మాయమవుతుంది. వెనక గాలిని మూసిపెట్టడానికే కుండైనా, చెక్కపెట్టైనా. ఇప్పుడు 50 వేలు పెట్టి కొనే స్పీకరు చేసే పనుల్లో ఇదీ ఒకటి!

గల్లీలో మొదట వచ్చేవి ఆ పాత సరుకు దుకాణాలే. పప్పుదినుసుల్లా డబ్బాల్లో పోసిన రెసిస్టర్లు, కెపాసిటర్లు. ‘4440 బోర్డు’, ‘5200-1943 జత’ అంటూ ఐసీలు, ట్రాన్సిస్టర్లను నంబర్లతోనే పిలుస్తారు. పాడైన స్పీకర్‌కు కొత్త కోన్ అతికించేవాళ్లు, రిమోట్లు మాత్రమే అమ్మేవాళ్లు, ఖాళీ చెక్కపెట్టెలు అమ్మేవాళ్లు... ఒక్కొక్కరిదీ ఒక్కో ప్రపంచం. అహూజా మైకులు, హారన్లు వేలాడుతున్న కొట్ల దగ్గర గుళ్లవాళ్లు, బళ్లవాళ్లు బేరాలాడుతుంటారు. నాన్న ప్రతి కొట్టు ముందూ ఆగాడు. నేను చెయ్యి పట్టి లాక్కెళ్లాల్సి వచ్చింది.

‘ఆర్ఎంఎస్ ఎంత?’

మొదటి దుకాణంలో రంగురంగుల లైట్లు మెరిసే పెట్టె చూపించారు. లోకల్‌గా అసెంబుల్ చేసిన 5.1 యాంప్లిఫయర్. ధర 6,500. ‘వేల వాట్స్ పవర్ మేడమ్’ అన్నాడు కుర్రాడు.

‘అది పీఎంపీవోనా? ఆర్ఎంఎస్ ఎంత?’ అడిగాడు నాన్న.

కుర్రాడు ఒక్కసారి తలెత్తి చూశాడు. లోపల్నుంచి ఓనర్ కుర్చీ పంపించాడు!

విషయమేంటంటే... ఒక్క క్షణం ఎగిరిపడే శక్తిని లెక్కేసి చెప్పేది పీఎంపీవో. దానికో పద్ధతంటూ లేదు, ఎవరికి తోచినంత వాళ్లు రాసుకోవచ్చు. నిలకడగా ఇచ్చే శక్తి ఆర్ఎంఎస్. మనం చూడాల్సింది అదొక్కటే. పెద్ద కంపెనీల రిసీవర్ల మీద కూడా చిన్న అక్షరాలు చదవాలి. ‘ఒక చానల్, 6 ఓమ్స్, 10 శాతం డిస్టార్షన్’ దగ్గర 130 వాట్స్ అని రాసింది... ‘రెండు చానళ్లు, 8 ఓమ్స్, 0.08 శాతం డిస్టార్షన్’ దగ్గర 70 వాట్స్ కావచ్చు. పెట్టె ఒకటే. కొలిచిన తీరు వేరు.

ఇంకో మెలిక. 5.1 అని రాసినంత మాత్రాన ఐదు స్పీకర్లలో ఐదు రకాల శబ్దాలు రావు. సినిమాలో ఆరు దారుల్లో రికార్డయిన శబ్దాన్ని విడదీయడానికి డీకోడర్ ఉండాలి. చాలా చౌక పెట్టెల్లో అది ఉండదు. రెండు దారుల్లో వచ్చిన శబ్దాన్నే అటూఇటూ కలిపి ఐదింటికీ పంచుతాయి. ‘ఇందులో డాల్బీ డిజిటల్ డీకోడర్ ఉందా?’ అని అడిగితే కుర్రాడు నిజాయతీగానే చెప్పాడు... ‘దానికి వేరే బోర్డుంది మేడమ్, రేటు వేరే’ అని.

ఐదూ... పాయింటూ... ఒకటి

ఇంతకీ 5.1 అంటే? ముందు ఎడమ, కుడి. మధ్యలో సెంటర్. మనకు పక్కగా, కొంచెం వెనకగా రెండు సరౌండ్ స్పీకర్లు. మొత్తం ఐదు. పాయింట్ ఒకటి అంటే సబ్ వూఫర్. సుమారు 120 హెర్ట్జ్ లోపలి లోతైన గుమగుమలు మాత్రమే దానికి వెళతాయి. పూర్తి చానల్ కాదు కాబట్టి ‘పాయింట్ వన్’ అన్నారు. ఇక 5.1.2 అని మూడో అంకె ఉంటే అది డాల్బీ ఆట్మాస్. తల మీద నుంచి కూడా శబ్దం రావడానికి పైకప్పు స్పీకర్లన్నమాట.

థియేటర్లలో డాల్బీ డిజిటల్ 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో, డీటీఎస్ 1993లో ‘జురాసిక్ పార్క్’తో వచ్చాయి. ఆట్మాస్ 2012లో ‘బ్రేవ్’తో మొదలైంది. అదే ఏడాది మన దేశంలో ‘శివాజీ’ త్రీడీతో వినిపించింది. థియేటర్లో విన్నది ఇంట్లోనూ కావాలనే కోరికే ఈ సందులో అద్దాల తలుపుల షోరూములు తెరిపించింది.

అలాంటి ఓ షోరూమ్ డెమో గదిలో కూర్చోబెట్టారు. మెత్తటి సోఫా, గోడలకు గుడ్డ ప్యానెళ్లు, చల్లటి ఏసీ. యుద్ధం సీను వేశారు. బుల్లెట్లు చెవుల పక్క నుంచి దూసుకెళ్లాయి. హెలికాప్టర్ వెనక నుంచి ముందుకొచ్చింది. బాంబు పేలితే పక్కటెముకలు కదిలాయి. నాకైతే అక్కడికక్కడే కార్డు తీసి ఇచ్చేయాలనిపించింది.

బయటికొచ్చాక ‘ఎట్లుంది నాన్నా?’ అని అడిగాను.

‘బాంబు మంచిగనే పేలింది. ఎవరు చచ్చిన్రో తెల్వలే!’

నవ్వాను గానీ, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆ సీనులో ఇద్దరు సైనికులు చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ప్రతి ముక్కా వినిపించింది.

మేడమీది మాట

ఓ దుకాణం పక్కనున్న ఇనుప మెట్లెక్కితే రిపేరు గది. సోల్డరింగ్ పొగ వాసన. విప్పి పెట్టిన రిసీవర్లు. మధ్యలో అరవై దాటిన మెకానిక్. ‘ఏదైనా అడగాలంటే పైన ఉస్తాద్‌ని అడగండి’ అని కిందివాళ్లే పంపించారు.

ఆయన ముందున్న రిసీవర్‌ను చూపించి, ‘ఇదిగో, అమెరికా సరుకు. 120 వోల్ట్‌లది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230లో పెట్టిన్రు. పోయింది’ అన్నాడు. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాల్సిన మాట అది. కొన్ని పరికరాలు రెండు వోల్టేజీలకూ పనిచేస్తాయి గానీ, చాలా రిసీవర్లు అలా కాదు. వెనకవైపు రాసింది చదవకుండా ప్లగ్గు పెట్టొద్దు.

మా గది 13 అడుగులకు 12 అని చెబితే లెక్క తేల్చేశాడు. ‘వంద వాట్లు మీకెందుకమ్మా? సెన్సిటివిటీ చూడు. ఒక వాట్ శక్తికి ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ ఇస్తదో అది. 85 ఇచ్చేదానికీ 88 ఇచ్చేదానికీ తేడా మూడే. కానీ ఆ మూడు రావాలంటే వాట్లు రెట్టింపు కావాలె. మంచి స్పీకరుంటే చిన్న రిసీవర్ చాలు’ అన్నాడు. ఓమ్స్ కూడా చూడమన్నాడు. రిసీవర్ 6 నుంచి 8 ఓమ్స్‌కు చేసిందైతే 4 ఓమ్స్ స్పీకర్లు తగిలిస్తే వేడెక్కిపోతుంది.

‘మాటలు వినపడాలె అంటున్నరు. సినిమాలో మాటలన్నీ దాదాపు సెంటర్ స్పీకర్లకే వస్తయి. డబ్బులు తక్కువుంటే వెనకవి తర్వాత కొనున్రి. సబ్ వూఫర్ తర్వాత కొనున్రి. సెంటర్ దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు.’

ఈ మాటలంటూనే ఆయన కుర్చీ తిప్పి, అటువైపు అల్మారాలో ఏదో వెతుకుతూ, ‘మాస్టారూ, మీరు ఏ ఊళ్లో చేసిన్రు?’ అని అడిగాడు.

నాన్న గోడమీది పాత రేడియో వైపు చూస్తున్నాడు. పలకలేదు. ఆయన మరోసారి అడిగాడు. నాన్న పలకలేదు.

మెకానిక్ ఇటు తిరిగి, నాన్న ముఖంలోకి చూస్తూ అదే ప్రశ్న వేశాడు. ‘సూర్యాపేట కాడ’ అన్నాడు నాన్న వెంటనే.

ఉస్తాద్ నావైపు చూశాడు. ‘స్పీకర్ ఎంత పెద్దదైనా ఇప్పిస్తనమ్మా. పాడైతే కోన్ మారుస్త. చెవికి మాత్రం ఈ గల్లీలో స్పేర్ పార్టు లేదు. ముందు అది చూపించు. ఈఎన్‌టీ దవాఖాన ఈ కోఠీలోనే ఉంది కదా’ అన్నాడు. మెల్లగా అనలేదు. నాన్నకు వినపడేలాగే అన్నాడు.

ఆ రోజు ఏమీ కొనకుండానే తిరిగొచ్చాం. మెట్రోలో నాన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మలక్‌పేట దాటాక ‘నాకు చెముడా?’ అన్నాడు. నాకు జవాబు తోచలేదు. నిజానికి ఏడాదిగా నాకూ అనుమానం ఉంది. ఆ మాట ఆయనతో ఎలా అనాలో తెలియక టీవీ మీద నెట్టేశాను. స్పీకర్లు కొనడం సులువు. నాన్నను చెవి డాక్టర్ దగ్గరకు రమ్మనడం కష్టం. ఆ ఉస్తాద్ నా పని తను చేసిపెట్టాడు.

వినపడుతుంది... అర్థం కాదు

సోమవారం పొద్దున మళ్లీ కోఠీ. ఈసారి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఓపీ క్యూలో. నాన్న ముభావంగా ఉన్నాడు. చుట్టూ తన వయసువాళ్లు, తనకంటే చిన్నవాళ్లు, తల్లుల ఒళ్లో పసిపిల్లలు. గంట గడిచేసరికి పక్కనున్న రిటైర్డ్ కండక్టర్‌తో కబుర్లలో పడ్డాడు. ఇద్దరూ కాస్త గట్టిగానే మాట్లాడుకున్నారు!

పరీక్ష గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నటి శబ్దం వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. బయటికొచ్చిన కాగితం మీద గీత ఎడమవైపు బాగానే ఉంది. కుడివైపుకు వెళ్లేకొద్దీ గుట్ట మీంచి దిగినట్టు దిగిపోయింది. బొంగురు శబ్దాలు బాగానే వినిపిస్తున్నాయి. సన్నటివి వినిపించడం లేదు. వయసుతోపాటు చాలామందికి వచ్చేదే ఇది.

డాక్టరమ్మ చెప్పింది విన్నాక రెండేళ్ల రిమోట్ యుద్ధం మొత్తం అర్థమైంది. అ, ఆ, ఓ లాంటి అచ్చుల బలం కింది స్థాయి శబ్దాల్లో ఉంటుంది. స, శ, త, ఫ లాంటి హల్లుల స్పష్టత పై స్థాయిలో ఉంటుంది. పైవి పోతే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. ఏమంటున్నారో తెలియదు! సౌండు పెంచితే బొంగురు శబ్దాలూ అంతే పెరిగి గోల ఎక్కువవుతుంది తప్ప మాట తేటపడదు. నాన్న సౌండు పెంచడం, మేం విసుక్కోవడం... ఇద్దరి తప్పూ లేదు.

రెండు చెవులకూ వినికిడి యంత్రాలు రాసింది. అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుందంది. ‘మరి స్పీకర్లు కొనాలా, వద్దా?’ అని అడిగితే నవ్వి, ‘కొనండి. మాట తేటగా, ముఖం మీదికి వస్తే చెవి మీద భారం తగ్గుతుంది. కానీ ఇది పెట్టుకోవడం మానొద్దు’ అంది.

బాంబులొద్దు... వార్తలు పెట్టు!

నెల తర్వాత మళ్లీ అదే గల్లీ. ఈసారి నాన్న చెవుల వెనక గోధుమరంగు గింజల్లాంటివి రెండు. సందు మొదట్లో మొహం చిట్లించి ‘ఇంత గోలనా ఇక్కడ!’ అన్నాడు. అంత గోలనూ అప్పుడే వింటున్నాడు మరి.

డెమో గదిలో సేల్స్‌మన్ మళ్లీ యుద్ధం సీను తీయబోతే నాన్న ఆపాడు. ‘బాంబులొద్దు బాబూ, వార్తలు పెట్టు’ అన్నాడు. ఫోన్లోంచి తెలుగు వార్తలు పెట్టారు. స్టీరియో వార్తలు కూడా మధ్య స్పీకర్‌లోంచే వచ్చేలా రిసీవర్‌లో మోడ్ మార్చారు. రెండు సెంటర్ స్పీకర్లు పక్కపక్కన పెట్టి, ఒకటి విని, ఇంకోటి విని... నాన్న కళ్లు మూసుకుని, వార్త చదివే అమ్మాయి మాటల్ని వెంటవెంటనే తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. క్లాసులో పాఠం అప్పజెప్పించుకున్న మాస్టారు ఇప్పుడు తనే అప్పజెబుతున్నాడు! మొదటిదాంట్లో ఊళ్ల పేర్లు తప్పుపోయాయి. రెండోదాంట్లో పోలేదు. ధర తక్కువున్నది ఆ రెండోదే!

ఇక్కడో కిటుకుంది. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు సౌండు సమానంగా ఉండాలి. కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. నాన్న ఫోన్లో డెసిబెల్స్ కొలిచే యాప్ పెట్టించి మరీ సమానం చేయించాడు. సేల్స్‌మన్ ఓపికకు దండం పెట్టాలి.

చివరికి కొన్నవి... డాల్బీ, డీటీఎస్ డీకోడర్లున్న చిన్న 5.1 రిసీవర్ (30 వేల పైమాటే), ముందు పెట్టే మూడు స్పీకర్లు, 15 మీటర్ల 14 గేజ్ రాగి తీగ. మూడూ ఒకే కంపెనీ, ఒకే వరసవి. లేకపోతే ఎడమ నుంచి కుడికి కారు వెళుతుంటే మధ్యలో మోత మారిపోతుంది. వెనక స్పీకర్లు, సబ్ వూఫర్ ఇప్పుడు కాదు. వచ్చే దసరాకో, పైయేటి సంక్రాంతికో!

గడియారంలోని బ్యాటరీ

ఇంటికొచ్చి బిగించాం. సెంటర్ స్పీకర్‌ను టీవీ కింద అరలో లోపలికి తోసి, ముందు పూలకుండీ సర్దింది అమ్మ. మాట కుండలోంచి వచ్చినట్టు వచ్చింది. నాన్న దాన్ని అర అంచుదాకా లాగి, కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి, మూతి మన చెవుల వైపు ఎత్తాడు. తేటపడింది. పూలకుండీ బాల్కనీకి వెళ్లిపోయింది.

అయినా పాటలో ఏదో వెలితి. బేస్ పల్చగా ఉంది. నాన్న గోడగడియారం దించి 1.5 వోల్ట్‌ల బ్యాటరీ తీశాడు. స్పీకర్ తీగలను రిసీవర్ నుంచి విప్పి, ప్లస్ తీగను బ్యాటరీ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు క్షణం తాకించాడు. కుడి స్పీకర్ కోన్ ముందుకు ఉబికింది. ఎడమది లోపలికి పోయింది! అంటే దాని తీగలు నేను తారుమారుగా బిగించాను. ఒకటి గాలిని తోస్తుంటే ఇంకోటి గుంజుకుంటోంది. కుండ స్పీకర్ నాటి పాఠమే.

తర్వాత రిసీవర్‌తో వచ్చిన చిన్న మైకును సోఫాలో నాన్న తల ఉండేచోట పెట్టాం. ఫ్యాన్లు ఆపి, అందరం నోళ్లు మూసుకుంటే అది ఒక్కో స్పీకర్‌లోంచి కూతలు కూసి, దూరాలు, స్థాయిలు తనే లెక్కేసుకుంది. ఆ పైన సెంటర్‌ను ఇంకో మూడు డెసిబెల్స్ పెంచాం. గచ్చు మీద పాత జంపఖానా పరిచాం. టైల్స్‌కు తగిలి మాట చెదిరిపోకుండా అది కాస్త పీల్చుకుంటుంది.

ఆదివారం రాత్రి అందరం కూర్చున్నాం. పాత కామెడీ సినిమా. ఎనిమిదైంది, తొమ్మిదైంది. నాన్న లేవలేదు. ఓ సీనులో మాకంటే ముందే నవ్వాడు. అమ్మ నావైపు చూసింది. ఇంతలో పాట మొదలైంది. నేను అలవాటు కొద్దీ రిమోట్ పక్కకు పెట్టేశాను, నాన్న ఎలాగూ పెంచుతాడని.

‘జర తగ్గించు బిడ్డా, పిల్లగాడు చదువుకుంటున్నడు’ అన్నాడు.

కొనబోయే ముందు...

* గది కొలతలు, టీవీకీ సోఫాకీ మధ్య దూరం రాసుకెళ్లండి. టీవీ వెనక ‘ఏఆర్‌సీ’ లేదా ‘ఈఏఆర్‌సీ’ అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో చూసుకోండి. ఉంటే టీవీ శబ్దం ఒక్క తీగతో రిసీవర్‌కు వచ్చేస్తుంది.

* ముందు స్పీకర్లు రెండూ, మీరు కూర్చునే చోటూ కలిపితే సమాన భుజాల త్రికోణంలా ఉండాలి. సరౌండ్ స్పీకర్లు పక్కగా, కాస్త వెనకగా, చెవుల కంటే కొంచెం ఎత్తులో ఉంటే మేలు.

* సబ్ వూఫర్ ఉంటే, 80 హెర్ట్జ్ కింది శబ్దాలను దానికి వదిలేసేలా రిసీవర్‌లో సెట్ చేసుకోవచ్చు. అంత లోతైన శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. అందుకని దాన్ని గదిలో ఎక్కడ బాగుంటే అక్కడ పెట్టుకోవచ్చు. మూలలో పెడితే మోత పెరుగుతుంది.

* అర్ధరాత్రి సినిమాలకు రిసీవర్లో ‘నైట్ మోడ్’ లాంటిది ఉంటే వాడండి. పెద్ద శబ్దాలను తగ్గించి చిన్నవాటిని పైకి తెస్తుంది. పక్కింటివాళ్లు కూడా సంతోషిస్తారు.

* బిల్లు, కంపెనీ వారంటీ కార్డు అడిగి తీసుకోండి. బిల్లు లేకుండా తక్కువకిస్తామంటే రిపేరు రోజున ఎవరిని అడగాలో ఆలోచించుకోండి.

* మీకు నచ్చిన, బాగా తెలిసిన పాటో, మాటలో ఫోన్లో తీసుకెళ్లి దాంతోనే వినండి. దుకాణంవాళ్లు పెట్టే సీను దుకాణానికి పనికొచ్చేది!

* ఇంట్లో పెద్దవాళ్లు పదేపదే ‘ఏమన్నడు?’ అంటుంటే, స్పీకర్ల కంటే ముందు ఓసారి చెవులు పరీక్ష చేయించండి.